మార్కులు రాని ముసల్మాన్

"మీ వాళ్ళకి ఉర్దూ బడులుంటాయి కదా, అక్కడ వెయ్యకూడదూ?"

2016 జూన్‌లో నా కొడుకుని చేర్చడానికి వెళ్ళినప్పుడు ఒక ప్రైవేటు స్కూలు కరస్పాండెంటు నన్నడిగిన మాట ఇది. అప్పటికి వాడికి ఆరేళ్ళు. ఆటిజం. మాట రాలేదు. మనిషి కళ్ళల్లోకి చూడడు. పెద్ద చప్పుడైతే రెండు చేతులతో చెవులు మూసుకుని నేలమీద కూలబడిపోతాడు. ఇవన్నీ దాచకుండా చెప్పాను. ఆయన అంతా విని, ఫారం మీద పేరు చూసి, ఆ మాటన్నాడు.

నన్ను కోసింది ఆ మాట ఒక్కటే కాదు. రెండేళ్ళ ముందు ఆయనే నా కూతురికి పరీక్ష పెట్టి, సగం ఫీజు తగ్గించి, పిలిచి సీటిచ్చాడు. దాని పేరూ తురక పేరే. అప్పుడాయనకి ఉర్దూ బడి గుర్తు రాలేదు. గేటుకి కట్టిన ఫ్లెక్సీ మీద దాని ఫోటో కూడా వేశాడు. మార్కులు తెచ్చే పిల్ల ఆయన దృష్టిలో ర్యాంకు. మార్కులు తేలేని పిల్లాడు ముసల్మాన్!

ఆ రోజు నుంచి నన్నొక ప్రశ్న వదల్లేదు. ఒకే కడుపున పుట్టిన ఇద్దరు. ఒకరికి చదువు మంచినీళ్ళ ప్రాయం. ఇంకొకరికి గ్లాసు పట్టుకోవడమే ఒక చదువు. ఇద్దరికీ సరిపోయే బడి ఉన్న ఊరు ఎక్కడ? అలాంటి ఊరు లేకపోతే ఎవరి కోసం ఎవరిని వదులుకోవాలి?

మాది శ్రీకాకుళం. గోల్కొండ కాలపు ఫౌజ్‌దార్ షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఉన్న ఊరు. ఫౌజ్‌దార్లు పోయారు. మసీదు మిగిలింది, మేం మిగిలాం. 2011 జనాభా లెక్కల్లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మేం నూటికి ఒక్కరం కూడా లేం. హైదరాబాద్, కర్నూలు ముస్లింలతో మమ్మల్ని కలిపి చూసేవాళ్ళకి ఈ సంగతి తెలీదు. ఇంట్లో దాదీతో ఉర్దూ మాట్లాడతాం. గడప దాటితే "ఏటి, ఎందుకు నేదు" అనే తెలుగే మా తెలుగు. ఉద్యోగం విజయనగరానికి తెచ్చింది. మున్సిపాలిటీ హద్దు దాటాక ఒక పంచాయతీలో అద్దెకి దిగాం. కూతురి బడి కూడా ఆ హద్దులోనే ఉండేది.

కొడుక్కి మాట రాలేదని చూపించినప్పుడు ఒక డాక్టరు, "ఇంట్లో రెండు భాషలా? పిల్లాడు తికమకపడతాడు. ఉర్దూ మానేయండి" అన్నాడు. మానేశాం. ఏడాది పాటు మా అమ్మ మనవడితో మాట్లాడ్డం మానుకుంది. తెలుగు ఆమెకి రాక కాదు. మనవణ్ణి తెలుగులో ముద్దు చెయ్యడం ఆమెకి రాదు. వాడి తల నిమిరి, పెదవులు బిగించుకుని కూర్చునేది. రెండు భాషల ఇంట్లో పెరిగినంత మాత్రాన ఆటిజం ఉన్న పిల్లలకి మాట మరింత ఆలస్యం కాదని పరిశోధనలు చెబుతున్నాయని తర్వాత చదివాను. ఆ ఏడాదిని మా అమ్మకి ఎవరు తిరిగిస్తారు? భాష మానమని అంత తేలిగ్గా చెప్పడం, అంత తేలిగ్గా ఒప్పుకోవడం కూడా మా బతుకులో భాగమే. మా ఉర్దూ ఎప్పుడూ ఎవరికో ఒకరికి అడ్డమే కదా!

ఇక అసలు చిక్కు. కొడుక్కి స్పీచ్ థెరపీ కావాలి. మాకు తెలిసినంతలో వారానికి నాలుగు రోజులు నిలకడగా దొరికేది అరవై కిలోమీటర్ల దూరంలో, విశాఖపట్నంలో. కాపురం అక్కడికి మార్చేయాలి. కూతురు అప్పుడు నాలుగో తరగతి. దానికి నవోదయ మీద ఆశ. 1986 విద్యా విధానంతో వచ్చిన ఆ బడులు డబ్బులేని ఇళ్ళలోని తెలివైన పిల్లలకి ఆరో తరగతి నుంచి తిండీ నీడా చదువూ ఇస్తాయి. శ్రీకాకుళం జిల్లాకి వెన్నెలవలసలో ఉంది, విజయనగరం జిల్లాకి కిల్తంపాలెంలో ఉంది. నాలుగింట మూడొంతుల సీట్లు పల్లె పిల్లలవి. కానీ మూడు, నాలుగు, ఐదు తరగతుల్లో ఒక్కరోజు పట్నం బడిలో చదివినా ఆ పిల్ల పల్లె పిల్ల కాదు. విశాఖ వెళ్తే కొడుక్కి మాట రావచ్చు, కూతురికి సీటు పోవచ్చు. ఉండిపోతే సీటు రావచ్చు, మాట రాకపోవచ్చు. తూకం వెయ్యండి చూద్దాం!

తూకం వెయ్యడానికి చాలామంది వచ్చారు. మా మామూ అన్నాడు: "బేటీ మన కౌమ్‌కి పేరు తెస్తుంది. ఉన్నదంతా దాని మీద పెట్టు. వాడిది అల్లా మర్జీ." మా ఫూఫీ అంది: "ఆడపిల్లకెంత చదువైతే ఏం? కొడుకుని చూసుకో. రేపు మీరు పోయాక వాణ్ణి చూడాల్సింది అదే కదా." ఒక అభ్యుదయ మిత్రుడు, ప్రతిభ అనేదే పై కులాల వాళ్ళు అల్లిన కథ అని కొట్టిపారేశాడు. ఆయన పిల్లలిద్దరూ విశాఖలో కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఉన్నారు. ప్రతిభ కథే అనుకుందాం. ఆ కథ మొదటి పేజీ కూడా చూడని వాళ్ళ పిల్లలతోనే దాన్ని చింపించడం ఏం న్యాయం?

నా సంగతి? నేను మామూ వైపే ఉన్నాను. ఒప్పుకుంటున్నాను. ముస్లిం అంటే అబ్దుల్ కలాంలా ఉండాలి అని నాకు నీతి చెప్పే పెద్దమనుషుల్ని చూస్తే ఒళ్ళు మండేది. రాకెట్టు ఎగరేస్తేనే మేం ఈ దేశం వాళ్ళమా, పంక్చర్లు వేసుకునేవాడు కాడా అని వ్యాసాలు రాశాను. అదే నేను ఇంటికొచ్చి కూతురి ప్రోగ్రెస్ కార్డు జేబులో పెట్టుకుని ఆఫీసులో అందరికీ చూపించేవాణ్ణి. చూడండి, మేం కూడా పనికొచ్చేవాళ్ళమే అని చెప్పుకోవడానికి దాన్ని వాడుకున్నాను. కొడుకు ఫోటో ఏ రోజూ జేబులో పెట్టుకోలేదు.

ఆ ఏడు ఆగస్టు 15న బడిలో కూతురు మాట్లాడింది. పెద్దయ్యాక డాక్టరునై మా తమ్ముణ్ణి బాగుచేస్తాను, జీవితమంతా వాణ్ణి చూసుకుంటాను అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నా భార్య కొట్టలేదు. రాత్రి పిల్ల పక్కన కూర్చుని, "నిజంగా నీకు డాక్టరవ్వాలనుందా?" అని అడిగింది. అది చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "నాకు లెక్కలిష్టం అమ్మీ. అలా చెప్తే అందరూ మంచిదంటారు" అంది. నా భార్య నా వైపు తిరిగి ఒకే మాటంది: "తొమ్మిదేళ్ళ పిల్ల. దాని నెత్తిన వాణ్ణి పెట్టకండి."

అప్పుడర్థమైంది. మామూ, ఫూఫీ చెప్పినవి వేరువేరు సలహాలు కావు. ఒకరు కూతుర్ని కౌమ్‌కి జెండా చేశారు, ఒకరు తమ్ముడికి చేతికర్ర చేశారు. పిల్లని పిల్లగా చూసింది ఎవరు? ఇద్దరికీ చెరిసగం పంచడం న్యాయం కాదు. ఎవరి ఆకలి వాళ్ళది. ఒకరి ఆకలి తీర్చడానికి ఇంకొకరిని వండి పెట్టకపోవడమే న్యాయం.

బయటివాళ్ళ సంగతి సరే, మాలో మాట చెప్పుకోవాలి. ఒక శుక్రవారం కొడుకుని నమాజుకి తీసుకెళ్ళాను. సజ్దాలో అందరూ నిశ్శబ్దంగా ఉండగా వాడు కేక పెట్టాడు. నమాజయ్యాక ఒక పెద్దాయన మెల్లగా, "వీణ్ణి ఇంట్లో ఉంచండి బేటా, అల్లా మాఫ్ చేస్తాడు" అన్నాడు. కరస్పాండెంటు మర్యాద, ఈయన మర్యాద ఒక్కలాగే అనిపించాయి నాకు. ఖురాన్‌లో ఎనభయ్యో సూరా, అబస, ఎందుకొచ్చిందో మనవాళ్ళందరికీ తెలుసు. ప్రవక్త మక్కా పెద్దలతో మాట్లాడుతున్న వేళ, నేర్చుకుందామని ఒక చూపులేని మనిషి వచ్చాడు. ప్రవక్త మొహం చిట్లించారు. దైవవాణి తప్పుపట్టింది ఆ చూపులేనివాణ్ణి కాదు, సాక్షాత్తూ ప్రవక్తని. ఆ మనిషే ఇబ్నె ఉమ్మె మక్తూమ్. తర్వాత మదీనాలో బిలాల్‌తో పాటు అజాన్ ఇచ్చినవాడు. ప్రవక్త ఊళ్ళో లేనప్పుడు మదీనా బాధ్యత చూసినవాడు. పెద్దలని, పనికొచ్చేవాళ్ళని ముందు కూర్చోబెట్టే అలవాటుని పద్నాలుగు వందల ఏళ్ళ క్రితమే తప్పన్న మతం మనది. మరి మన మసీదులో నా కొడుక్కి చోటేదీ?

మతం మాట రుచించని మిత్రులకి విజయనగరం మాట చెబుతాను. ఇక్కడి సంగీత కళాశాల 1919లో పెట్టింది విజయరామ గజపతిరాజు. ఆయన ఆస్థానంలోని చాగంటి జోగారావు గారి కొడుక్కి చూపు లేదు. ఆ పిల్లాడికి సంగీతం నేర్పించాలన్న ఆలోచనలోంచి ఆ కాలేజీ పుట్టింది. రాజు తలుచుకుంటే ఒక పంతుల్ని ఇంటికి పంపి చేతులు దులుపుకోవచ్చు. అలా చెయ్యకుండా అందరికీ తలుపు తెరిచారు. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాలు. పారశీకం నేర్చి ఉమర్ ఖయ్యామ్‌ని అచ్చ తెలుగులోకి తెచ్చిన మనిషి. చూపు సరిగా లేక చిన్నప్పుడే బడి చదువు ఆగిపోయిన ద్వారం వెంకటస్వామి నాయుడు 26 ఏళ్ళ వయసులో అక్కడ చేరదామని వస్తే, వాయులీనం ఆచార్యుణ్ణే చేశారు. 1936లో ప్రిన్సిపాలయ్యారు. మధూకరం ఎత్తుకుని చదివిన ఘంటసాల అక్కడివాడే. పి. సుశీల అక్కడి విద్యార్థినే. కళ్ళు లేని ఒక్క పిల్లాడి కోసం తీసిన తలుపులోంచి ఎంత ప్రతిభ నడిచొచ్చిందో చూడండి. ప్రతిభావంతుల కోసమని పరీక్షపెట్టి మూసిన తలుపులోంచి ఆ పిల్లాడు ఎన్నటికీ లోపలికి రాలేడు.

అయితే అది రాజుగారి దయ. దయ మీద బతికేవాడికి రేపటి మీద నమ్మకముండదు. ఆ సంగతి మైనారిటీకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1995 వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఆటిజం పేరే లేదు. 2016 డిసెంబరులో వచ్చిన కొత్త చట్టంలో 21 రకాలున్నాయి. నిర్దేశించిన మేరకు వైకల్యమున్న పిల్లలకి ఆరేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా దగ్గర్లోని బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదువుకునే హక్కుంది. కాగితం మీదనే కావచ్చు. కానీ దయ అడగడానికి తల వంచాలి. హక్కు అడగడానికి అక్కర్లేదు.

మేం విశాఖ వెళ్ళలేదు. నా భార్య వారానికి రెండు రోజులు కొడుకుని రైల్లో తీసుకెళ్ళి తీసుకొచ్చింది. నాలుగు రోజుల పని రెండు రోజుల్లో అవదు. వాడికి ఆ మేరకు నష్టం జరిగింది. దాన్ని తియ్యటి మాటలతో కప్పను. మిగతా రోజుల్లో మండలంలోని భవిత కేంద్రానికి తీసుకెళ్ళాం. ఇంట్లో ఉర్దూ మళ్ళీ మొదలైంది. 2017లో ఊళ్ళో సర్కారు బడికి వెళ్ళాను. అక్కడి హెడ్మిస్ట్రెస్ ఎన్ని మార్కులొస్తాయని అడగలేదు, ఫారం మీద పేరు చూడలేదు.

"ఈ గుంటడు దేనికి భయపడతాడు బాబూ?" అనడిగింది.

గంటకి, అన్నాను. చెట్టుకి వేలాడదీసిన రైలు పట్టా ముక్క, దాన్ని ఇనప కడ్డీతో కొడతారు. ఆమె కాసేపు ఆలోచించి, "అయితే వాడే కొడతాడు నెండి" అంది. మొదటి వారం ఆమె వాడి చెయ్యి పట్టుకుని మెల్లగా కొట్టించింది. ఎప్పుడు మోగుతుందో తనకే తెలిసిన చప్పుడు వాణ్ణి భయపెట్టలేదు. ఐదో తరగతి అయ్యేదాకా ఆ బడికి గంట కొట్టింది నా కొడుకే. బడిని ఎంచుకోవడమెలాగో నాకు నేర్పింది ఆమె అడిగిన ఆ ఒక్క ప్రశ్న.

కూతురికి 2018లో నవోదయలో సీటొచ్చింది. ఇప్పుడు డిగ్రీలో లెక్కలు చదువుతోంది. సెలవులకి వస్తే తమ్ముడితో ఆడుకుంటుంది, విసుక్కుంటుంది, కొట్లాడుతుంది. అందరు అక్కల్లాగే. వాణ్ణి నువ్వే చూసుకోవాలి అని దానితో మా ఇంట్లో ఎవరూ అనకూడదని నియమం పెట్టుకున్నాం. ఫూఫీకి కూడా అదే చెప్పాం, ఆమెకి కోపమొచ్చింది.

మరి మేం పోయాక? వాడికి పదిహేనేళ్ళు దాటాయి. జవాబు నా దగ్గర లేదు. ఒక్కటి మాత్రం తెలుసు. ఆ జవాబు ఒక ఆడపిల్ల జీవితం కాకూడదు. ఊరిది కావాలి, సర్కారుది కావాలి, మసీదుది కావాలి. ప్రతి శుక్రవారం వాణ్ణి నమాజుకి తీసుకెళ్తూనే ఉన్నాను. ఇప్పటికీ అప్పుడప్పుడు కేక పెడతాడు. వెనక వరసలో ఇద్దరు కుర్రాళ్ళు జరిగి వాడికి చోటిస్తున్నారు. ఆ పెద్దాయన ఇంకా చిరాగ్గానే చూస్తాడు.