ఎవరి కంటా పడని గూఢచారి

2015లో పాల్ ఫీగ్ తీసిన ‘స్పై’ సినిమా నాకు ప్రాణం. మనసు బాగోలేని రోజున పెట్టుకుంటే రెండు గంటలు హాయిగా నవ్వుకుంటాను. కామెడీయే కదా అని దాన్ని తీసిపారేయడానికి మాత్రం నాకు మనసొప్పదు.

మెలిస్సా మెకార్తీ వేసిన సూసన్ కూపర్‌ది సీఐఏ నేలమాళిగలో ఉద్యోగం. ఎలుకలు తిరిగే ఆ గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, ఎక్కడో పరాయి దేశంలో ఉన్న ఏజెంట్ బ్రాడ్లీ ఫైన్ చెవిలో దారి చెబుతుంటుంది. ప్రాణాలు కాపాడేది ఆమె, పేరు అతనిది. ఒకరోజు ఏజెంట్ల వివరాలన్నీ శత్రువుల చేతికి చిక్కాయని తెలుస్తుంది. ఎవరికీ తెలియని మనిషి కావాలి. నేను వెళ్తానని సూసన్ ముందుకొస్తుంది.

ఎన్నిసార్లు చూసినా నా ఆలోచన అక్కడే చిక్కుకుంటుంది. గూఢచారికి మొదట రావలసిన విద్య నలుగురి కంటా పడకుండా మసలడం. ఆమెను పట్టించుకోకుండా వదిలేసి, లోకమే ఆ విద్య ఏళ్ల తరబడి నేర్పింది. ఇన్నాళ్ల చిన్నచూపు ఒక్క పూటలో అర్హతగా మారిపోయింది!

పరికరాలు ఇచ్చే సన్నివేశం చూడండి. మంచి ఆయుధాలు ఇస్తారని ఆశగా వెళ్తుంది. కాలి ఫంగస్ స్ప్రే, మలబద్ధకం మాత్రలు, మొలలకు వాడే తుడుపు కాగితాలు, వీటి రూపంలో ఉన్న పరికరాలు ఆమె చేతిలో పెడతారు. మెకార్తీ ముఖంలో క్షణకాలం నొప్పి మెరుస్తుంది, వెంటనే మర్యాద కోసం ఒక చిరునవ్వు. మనకు నవ్వొస్తుంది. ఆ నవ్వు సూసన్ మీద పడదు, ఆమెను అలా ఊహించుకున్న ఆఫీసు మీద పడుతుంది. లావుపాటి మనిషి కనబడగానే వెక్కిరింపుకు దిగే సన్నివేశాలు మన సినిమాల్లో బోలెడు. అవి చూసి నవ్వలేక ఇబ్బందిపడే నాకు ఈ నవ్వు ఎంత ఊరటో!

గొప్పలు చెప్పుకునే ఏజెంట్ పాత్ర జేసన్ స్టేథమ్‌ది. తెగిన చేతిని రెండో చేత్తో అతికించుకున్నానంటాడు. అతను కోతలు కోస్తుంటే పని సూసన్ చేసుకుపోతుంది. బుడాపెస్ట్‌లో వంటింటి పోరాటంలో, నర్గీస్ ఫక్రీ వేసిన పాత్ర ఎదుట, ఆమె ఎంత చురుగ్గా కదులుతుందో!

చివర్లో ఫైన్ ఆమెను భోజనానికి పిలుస్తాడు. ఏళ్లుగా కోరుకున్న పిలుపు అది. సూసన్ సున్నితంగా కాదని, ఆ రాత్రి నాన్సీతో గడపడానికి వెళ్తుంది. నేలమాళిగలో పక్కనే కూర్చుని, ఆమె విలువ మొదటి నుంచీ తెలిసిన స్నేహితురాలు నాన్సీ.