శిశువును చూచిన పిమ్మట
చదువవలసిన భాగము: మత్తయి 2:1–16

టాటానగరు రైల్వేస్టేషనుకు సమీపముననున్న పర్సుడీహ్‌లో ఒక తెలుగు తండ్రి డిసెంబరు రాత్రులలో నిద్ర మాని సెల్‌ఫోనులో అంగళ్లన్నియు వెదకుచుండెను. కుమార్తె కోరినది లబూబు బొమ్మ. 2025లో అనేక దేశములలో జనులు వరుసలలో నిలిచి కొన్నది అదియే. ఒకచోట సరుకు లేదు. మరియొకచోట వెల మూడింతలు. చౌకగా దొరకినది నకిలీ. ఇది క్రొత్త వెఱ్ఱియు కాదు. 1983లో అమెరికా దుకాణములలో క్యాబేజ్ ప్యాచ్ బొమ్మలకై పెద్దలే ఒకరినొకరు త్రోసికొనిరి. ఒక రాత్రి కుమార్తె ప్రక్కకు వచ్చి ఏదో చెప్పబోగా, “ఉండమ్మా, నీ కోసమే వెదకుచున్నాను” అని ఆయన తల యెత్తకయే పలికెను.

మత్తయి రెండవ అధ్యాయములో ‘నిశితముగా’ అను భావముగల అక్రిబోస్ అను గ్రీకు మాట, దాని క్రియారూపముతో కలిపి, 7, 8, 16 వచనములలో మూడుమారులు కనబడును. మూడును హేరోదునకు సంబంధించినవే! శిశువును గూర్చి అంత శ్రద్ధతో విచారించినవాడు ఆ శిశువు ముఖమును చూడనేలేదు. ఈ తండ్రిని హేరోదుతో పోల్చుట న్యాయము కాదు; ఆయన ప్రేమ నిజమైనదే. అయినను వెదకుటలోని శ్రద్ధయంతయు ప్రేమయని తలంపరాదు. జ్ఞానులును దూరము నడచిరి, దారి యడిగిరి. వారు చేసిన పనుల వరుసను గమనింపుడి: ఇల్లు చేరిరి, శిశువును చూచిరి, సాగిలపడిరి. పెట్టెలు విప్పుట ఆ తరువాతనే.

క్రిస్మసు నాటకములో తనకు గొఱ్ఱెల కాపరి వేషము ఇచ్చిరని ఆ పిల్ల తల్లితో చెప్పి నిద్రపోయెను. తండ్రి చేతిలో ఫోను ఇంకను వెలుగుచునే యుండెను.