బండమీది కోట



బండమీద కట్టిన ఇల్లు పడదని మత్తయి సువార్తలో ప్రభువు చెప్పిన ఉపమానము మనమెరుగుదుము. అయితే బండమీద కట్టబడియు పడిన కోట యొకటి కలదు.

ఆల్ప్స్ పర్వతములలో, నేటి ఫ్రాన్సు దేశమందు, ఎగ్‌బెల్ అను ఊరి చెంత షార్బొనియేర్ అను బండ యున్నది. దానిమీద సవాయ్ ప్రభువుల తొలి కోటలలో ఒకటి యుండెను. క్రింద ఆర్క్ నది; ఆ లోయ వెంబడినే మోన్ సెని కనుమకును, ఇటలీకిని త్రోవ. అట్టి త్రోవలను కాచి ఆ వంశము బలపడెను; 1416లో డ్యూకులైరి. 1600లో ఫ్రాన్సు రాజు నాల్గవ హెన్రీ సైన్యము ఫిరంగులతో కోటను పట్టుకొనెను. నేడు బండ మిగిలినది. కోటకు శిథిలములే గురుతు.

కోట పోయినను ప్రభువులు బుద్ధి తెచ్చుకొనలేదు. 1655లో తమ కొండలోయలలోని వాల్దెన్సు విశ్వాసులను చంపించిరి. 1686లో వారి ఆరాధనను నిషేధించి వారిని చెరలో వేసి, బ్రతికినవారిని 1687లో స్విట్జర్లాండుకు వెళ్లగొట్టిరి. 1689లో ఆన్రీ ఆర్నో అను పాదిరి వెంట వారిలో కొందరు కొండలు దాటి తిరిగి వచ్చిరి. 1848లో అదే వంశపు రాజు వారికి పౌరహక్కులిచ్చెను. 1861లో ఇటలీ రాజులైన ఆ వంశమును 1946లో ప్రజలే వద్దనిరి. వాల్దెన్సు సంఘము ఆ లోయలలో నేటికిని ఆరాధించుచున్నది.

అయినను బలవంతుల పతనము చూచి మనము సంతోషించరాదు. చంపబడినవారు దానివలన లేచి రాలేదు. ప్రభువు చెప్పిన బండ రాయి కాదు, విన్న మాట చొప్పున చేయుటయే. మన గోడ యెంత గట్టిదని కాదు, అది యెవరిని బయట నిలుపుచున్నదని మనలను మనమే అడుగుకొందము.