వదులుకోవాలన్నా తెలియాలి



నాన్నగారి ముప్పయ్యవ రోజు దివ్యపూజ ముగిసింది. భోజనాలయ్యాక అన్నలు కాగితం తెచ్చారు. కాలువ కింద రెండెకరాల మాగాణి. "పెళ్లప్పుడు ఇచ్చాం గదా చెల్లమ్మా, సంతకం పెట్టు" అన్నారు. పెట్టింది. మన ఊళ్లలో ఇది తరచూ చూసేదే. ఇది త్యాగమేనా?

వీలునామా లేకుంటే, 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం పిల్లలున్న క్రైస్తవ వితంతువుకు మూడో వంతు. మిగతాది కొడుకులకూ కూతుళ్లకూ సమానం. వీలునామా ఉన్నా, క్రైస్తవులకు ప్రొబేటు తప్పనిసరన్న నిబంధన 2002లోనే తొలగింది. స్త్రీలు ఆదాయంతో పనిలేకుండా, న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు. విజయవాడ కోర్టులోనే అడగవచ్చు.

వకీలును అడగడం అన్నను అనుమానించడం కాదు. తనదేదో తెలియక వదిలింది దానం కాదు, పోగొట్టుకోవడమే. ముందు తెలుసుకోండి. ఆపై ఇచ్చినా, ఉంచుకున్నా మనస్సాక్షి నిర్మలంగా ఉంటుంది.