స్వపర వివేకము

“నేను” అను హద్దు పుట్టుకతోనే సిద్ధించియున్నదా, లేక సాంగత్యముచే ఏర్పడుచున్నదా అను ప్రశ్నను తత్త్వవేత్తలు చిరకాలముగా విచారించుచున్నారు. ఆ విచారమున మన దేహము చెప్పు సాక్ష్యముగూడ ఆదరముతో వినదగియున్నది.

1945లో రే ఓవెన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు కవల దూడల నెత్తురును పరీక్షింపగా, వేర్వేఱు అండములనుండి పుట్టినవానియందుగూడ ఒక్కొక్కదానిలో రెండేసి విధములైన ఎఱ్ఱకణములు కానవచ్చెను. తల్లికడుపున మాయలు కలిసి రక్తము ఇటునటు ప్రవహించుటచే, తోబుట్టువు కణములు పెరిగి పెద్దయైన పిదపను స్వకీయములుగనే చెల్లుచుండెను. 1953లో మెడవార్, బిల్లింగ్‌హామ్, బ్రెంట్ అనువారు గర్భస్థమైన చిట్టెలుకలకు వేఱొక వంశపు ఎలుకల కణములను ఎక్కింపగా, వానిలో కొన్ని పెద్దవైనపుడు ఆ వంశపు చర్మమును అంటించినను త్రోసిపుచ్చక స్వీకరించినవి. తనది యేదో దేహము రూపుదిద్దుకొను వేళనే నేర్చుకొనుచున్నదని ఇట్లు తేలినది.

ఈ శిక్షణమునకు ముఖ్యస్థానము రొమ్ముటెముక వెనుకనున్న థైమస్ గ్రంథి. అచట రక్షకకణముల గ్రాహకములు యాదృచ్ఛికముగా ఏర్పడుటచే, శత్రువును పట్టునవియు స్వదేహమును పట్టునవియు కలిసియే పుట్టును. క్లోమమున ఊరెడు ఇన్సులిన్ మొదలుకొని నానాధాతువుల అంశములను ఆ గ్రంథి స్వల్పముగా తానే కల్పించి వానికి చూపగా, గాఢముగా పట్టుకొనునవి పెక్కులు అచటనే నశించును. తప్పించుకొని వెలువడినవానిని అణచియుంచు నియంత్రకకణములను 1995లో జపాను శాస్త్రజ్ఞుడు షిమోన్ సకగూచి గుర్తించెను; ఈ కృషికిగాను ఆయనకును మఱి యిద్దఱికిని 2025లో నోబెల్ బహుమానము లభించెను. ఈ కట్టుబాటు సడలినచో కంచెయే చేను మేసినట్లగును: పసివారికి తఱచుగా వచ్చు మధుమేహమున ఇన్సులిన్‌ను పుట్టించు కణములను రక్షకకణములే హతమార్చును.

భేదమంతయు మిథ్యయని సులభముగా పలుకువారికి దేహము సమ్మతింపదు, ఏలయన పరమును గుర్తింపని దేహము సూక్ష్మజీవుల పాలగును. భేదరేఖ అనాదిసిద్ధమనువారికిని అది సమ్మతింపదు, ఏలయన ఆ రేఖ నేర్చుకొనబడినది. స్వకీయములయెడ దేహము చూపు ఈ సహనమనగా శక్తిలేమియను తలంపుగూడ ఇచట నిలువదు. చంపగల బలము కలిగియుండియు అనుక్షణము మెలకువతో నిగ్రహించుకొనుటయే దాని స్వరూపము.

కణములనుండి ధర్మమును నేరుగా పిండరాదు. ఐనను మన కులమతాభిమానముల గీతలును బాల్యసాంగత్యముననే నేర్చినవని మన అనుభవమే చెప్పుచున్నది గనుక, ఆ సాంగత్యమును మన బిడ్డలకు విశాలముగా నొసగుట పెద్దలమైన మన కర్తవ్యము.