ఇనుము దిగివచ్చిన ఆయత్



సోదరులారా, షిఫ్టు దిగి నేరుగా ఇక్కడికొచ్చారు. ఎంత కడిగినా అరచేతి గీతల్లో ఆ నల్లపొడి అలాగే ఉంది. సిల్తారా కార్ఖానాల్లో ఇనుముతో బతికేవాళ్లం కదా, ఈ రాత్రి ఇనుము పేరున్న సూరాతోనే మొదలుపెడదాం. సూరయె హదీద్, 25వ ఆయత్. ఇనుమును దించామంటున్నాడు అల్లాహ్. అందులో గట్టి బలముంది, మనుషులకు లాభాలూ ఉన్నాయంటున్నాడు.

దించడమంటే ఏమిటి? ఆదం అలైహిస్సలాంతో పాటు దాగలి, పట్టకారు, సుత్తి దిగాయని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ చెప్పినట్టు తఫ్సీర్లలో ఉంది. దించడమంటే ఇక్కడ పుట్టించడమేనని మరికొందరు ముఫస్సిర్లు రాశారు. ఇనుము నక్షత్రాల్లో పుట్టి భూమికి దిగిందని ఈ కాలంవాళ్లు కొందరంటున్నారు. ఒక్క మాటకు మూడు దారులు. మీలో ఎవరి ఈమాన్‌కు ఏం తక్కువైంది? ఏ దారిన పోయినా ఇచ్చినవాడు అల్లాహే, మనం చేయాల్సింది షుక్రే.

అన్ని మాటలూ ఇంత తేలిగ్గా తేలవు. సూరయె బఖరా 228లో, తలాఖైన స్త్రీ మూడు 'ఖురూ' ఆగాలని ఉంది. అరబీలో ఆ మాటకు నెలసరి అనీ అర్థమే, రెండు నెలసరుల నడుమ పాక్‌గా ఉండే రోజులనీ అర్థమే. మన హనఫీలు మొదటిది తీసుకున్నారు, కేరళ షాఫయీలు రెండోది. దాన్నిబట్టి ఇద్దత్, అంటే ఆమె ఆగాల్సిన గడువు, ముగిసే రోజే మారుతుంది. తర్జుమా చేసేవారు వాక్యంలో ఒక్క మాటే పెట్టగలరు. 1925లో చిలుకూరి నారాయణరావు గారి తెలుగు ఖుర్ఆన్ వచ్చింది. ఆ తర్వాత ఎన్నో తర్జుమాలొచ్చాయి, అల్‌హందులిల్లాహ్. కానీ ఒక్కటే చదివినవాడికి రెండో అర్థం ఉందనే తెలియదు. తెలియక ఎదుటివాణ్ని తప్పుపడతాడు.

మన గదుల్లో జరుగుతున్నదిదే. ఈ మంచం మీద ఒక బయాన్, ఆ మంచం మీద ఇంకో బయాన్. తెల్లారేసరికి ఒకరి వెనక ఒకరు నమాజు మానేస్తారు. ఒకే గిన్నెలో తిన్నవాళ్లు!

సూరయె అబసలో 'అబ్బ్' అనే మాట ఉంది. దానికి అర్థమేమిటని హజ్రత్ అబూబక్ర్ సిద్దీఖ్ గారిని అడిగారట. అరబీ ఆయన తల్లిభాష. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం గారి పక్కనే బతికినవారు. అయినా, తెలియని మాట అల్లాహ్ కలాంకు అంటగట్టి ఏ నేల మీద నిలబడను, ఏ ఆకాశం కింద తలదాచుకోను అని వణికారట. 'అబ్బ్' అంటే పశువులు మేసే పచ్చిక అని తర్వాతి ముఫస్సిర్లు వివరించారు. వాళ్లు కూడా ఎంత రాసినా చివర్న 'వల్లాహు ఆలం', అల్లాహ్‌కే బాగా తెలుసు, అనే కలం దించేవారు. అంత చదివినవాళ్లకున్న భయం, రెండు వీడియోలు చూసిన మనకెందుకు లేదు?

తఫ్సీర్ చదవండి, మానకండి. సందేహమొస్తే ఆలిమ్‌ను అడగండి. 'నేను ఇలా చదివాను' అనండి, 'నీ దీన్ తప్పు' అనకండి. ఇనుములో దెబ్బతీసే బలమూ ఉంది, లాభమూ ఉంది. ఇల్మ్ కూడా అంతే.

ఇక్కడ మాటలు మానుకున్న ఇద్దరున్నారు. పేర్లు చెప్పను, అల్లాహ్‌కు తెలుసు. రేపు ఫజర్‌లో భుజానికి భుజం ఆనించి నిలబడండి. అల్లాహ్ మన మనసులు కలపాలి. ఆమీన్.