లెక్కపెట్టినదీ లెక్కపెట్టనిదీ

తొమ్మిదో తరగతి గణితంలో ప్రాయోగిక సంభావ్యత కట్టడానికి ఒక్క భాగహారం వస్తే చాలు. ఘటన ఎన్నిసార్లు జరిగిందో పైన, మొత్తం ఎన్నిసార్లు చూశారో కింద. ఊరికి సాయంత్రం వచ్చే బస్సు వేళకు వస్తోందో లేదో ఒక విద్యార్థిని 30 రోజులు నోటుపుస్తకంలో రాసుకుందనుకుందాం. 21 రోజులు వేళకు వచ్చింది, 9 రోజులు ఆలస్యమైంది. 21ని 30తో భాగిస్తే 0.7. ఆ కిందే ఇంకో ప్రశ్న ఉంటుంది: రేపు బస్సు వేళకు వచ్చే సంభావ్యత ఎంత? అక్కడా 0.7 అనే రాయాలి, మార్కు పడుతుంది. మొదటి 0.7 జరిగిపోయిన రోజుల సంగతి. దాన్ని ఎవరూ కాదనలేరు. రెండోది ఇంకా తెల్లవారని రోజు సంగతి. మొదటిదాని నుంచి రెండోదానికి దాటించే భాగహారం ఏదీ లేదు. చూసినదాన్ని బట్టి చూడనిదాన్ని చెప్పే అధికారం ఎక్కడిదని పాఠ్యపుస్తకం అడగదు, అడగాల్సిన పనీ దానికి లేదు. తత్త్వశాస్త్రంలో మాత్రం ఇది పాత తగవు.

తగవులోకి వెళ్లేముందు లెక్కలోనే ఉన్న ఒక షరతును గమనించాలి. లవాన్ని ఎవరైనా శ్రద్ధగా లెక్కపెడతారు. మోసం జరిగేది హారం దగ్గర. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత సిసెరో, దేవతల స్వభావాన్ని చర్చించిన గ్రంథంలో డయాగరస్ అనే నాస్తికుడి కథ చెబుతాడు. సముద్రగండం తప్పించుకున్నవాళ్లు మొక్కు చెల్లించి వేలాడదీసిన చిత్రపటాలను సమోత్రాకే ద్వీపంలో ఒక మిత్రుడు అతనికి చూపించి, దేవతలు మనుషులను పట్టించుకుంటారనడానికి ఇంతకంటే ఏం కావాలన్నాడు. మునిగిపోయినవాళ్ల పటాలు ఎక్కడున్నాయని డయాగరస్ అడిగాడు. మన మొక్కుబడులకూ ఇదే వర్తిస్తుంది. కోరిక తీరినవాళ్లు తలనీలాలు ఇచ్చి ముడుపు చెల్లించుకుంటారు, పదిమందికీ చెబుతారు. తీరనివాళ్లలో చాలామంది ఇంట్లోనే ఉండిపోతారు, వాళ్లను ఎవరూ లెక్క రాయరు. కాబట్టి గుడిలో కనిపించే జనాన్ని చూసి మొక్కు ఫలించే సంభావ్యత కట్టడం కుదరదు. దీనివల్ల భక్తి తప్పని తేలదు. కోరిక తీరకపోయినా కొండెక్కే భక్తుడి నమ్మకం ఈ భిన్నం మీద నిలబడింది కాదు, ఇది కూలితే అది కూలదు. కూలేది భక్తికి గణాంకాన్ని సాక్ష్యంగా తెచ్చే వాదం మాత్రమే.

హారం సరిగ్గా ఉన్నా అసలు చిక్కు అలాగే ఉంటుంది. దాన్ని అందరికంటే మొండిగా పట్టుకున్నవాళ్లు, కంటికి కనిపించేదే ప్రమాణమన్న చార్వాకులు. 14వ శతాబ్దంలో మాధవాచార్యుడు రాసిన సర్వదర్శన సంగ్రహం మొదటి అధ్యాయంలో వాళ్ల వాదం క్రమంగా కనిపిస్తుంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందనే వ్యాప్తి, అంటే ఎప్పుడూ తప్పని సంబంధం, ఎలా తెలిసింది? ప్రత్యక్షంతో అంటే, గడచిన పొగలూ రాబోయే పొగలూ కంటికి కనిపించవు. అనుమానంతో (కనిపించినదాన్ని బట్టి కనిపించనిదాన్ని తేల్చడంతో) అంటే, ఆ అనుమానానికి మరో వ్యాప్తి కావాలి, దానికి మరొకటి, ఇక అంతుండదు. పెద్దలు చెప్పారంటే, వాళ్ల మాట నమ్మదగినదని తేల్చేదీ మళ్లీ అనుమానమే. నాలుగు వందల ఏళ్ల తర్వాత 1739లో స్కాట్లండ్ తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్, ఈ సంగతి ఏమీ తెలియకుండానే, రేపు నిన్నలా ఉంటుందని నమ్మించేది తర్కం కాదు, అలవాటేనని తేల్చాడు.

చార్వాకులకు వచ్చిన జవాబులు ఒక్క తీరున లేవు. 7వ శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి, ఎన్నిసార్లు చూసినా వ్యాప్తి తేలదని ఒప్పుకుని, రెండు వస్తువుల మధ్య కార్యకారణ సంబంధమో తాదాత్మ్యమో (రెండూ ఒకే స్వభావం కావడం) తేలితేనే ఒకదాన్ని బట్టి మరొకదాన్ని చెప్పవచ్చన్నాడు. న్యాయదర్శనం వాళ్లైన నైయాయికులు భూయోదర్శనాన్ని, అంటే మళ్లీమళ్లీ చూడటాన్ని, వదులుకోలేదు. దానికి పరిమితి పెట్టారు. ఈ పరిమితిని అందరికంటే పొట్టిగా చూపించినవాడు 17వ శతాబ్దపు తెలుగువాడు, తర్కసంగ్రహకర్త అన్నంభట్టు. తన గ్రంథానికి తానే రాసిన దీపికలో ఆయన ఇచ్చిన ఉదాహరణ ఇది: మట్టికి సంబంధించిన పదార్థం దేన్ని తీసుకున్నా ఇనుముతో గీత పడుతుందని వందలసార్లు చూస్తాం, అయినా వజ్రం దగ్గర ఆ నియమం తప్పుతుంది. కృష్ణ ఒడ్డున కొల్లూరులో వజ్రాలు తవ్వుతున్న శతాబ్దం అది. తెలుగు చదువరికి ఆ రాయి దూరమై ఉండదు.

ఈ ఉదాహరణను బడి లెక్కలో పెడితే పదును తెలుస్తుంది. వంద రాళ్లు గీసి చూస్తే వందకూ గీత పడింది. ప్రాయోగిక సంభావ్యత 1. తప్పక జరిగే ఘటనకు సంభావ్యత 1 అని అదే అధ్యాయంలో చదువుకున్న పిల్ల, నూటొకటో రాయికీ గీత పడి తీరుతుందనుకుంటే ఆమె తప్పేమీ కాదు. రెండు వేర్వేరు సంగతులకు పుస్తకం ఒకే అంకె వాడింది. దీన్ని ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ ముందే పసిగట్టాడు. ఏమీ తెలియని స్థితిలో మొదలుపెట్టినవాడు n సార్లు చూస్తే n సార్లూ జరిగినా, వచ్చేసారికి చెప్పాల్సింది 1 కాదు, n+1ని n+2తో భాగించగా వచ్చినదే అన్నాడు. వంద రాళ్ల తర్వాత 101/102 అన్నమాట. మిగిలిన ఆ చిన్న భాగం వజ్రం కోసం ఖాళీగా ఉంచిన చోటు. 5,000 ఏళ్లుగా, అంటే 18,26,213 రోజులుగా, సూర్యుడు ఉదయిస్తున్నాడు గనుక రేపు ఉదయిస్తాడనడానికి 18,26,214కు ఒకటి చొప్పున పందెం కాయవచ్చని కూడా లెక్కగట్టాడు. ఆ వెంటనే, రోజులూ రుతువులూ ఎందుకు నడుస్తున్నాయో తెలిసినవాడికి ఈ నమ్మకం ఇంకా ఎంతో ఎక్కువగా ఉంటుందనీ చేర్చాడు. ఈ చేర్పును చాలామంది మరిచిపోయి ఆయన్ను వెక్కిరిస్తారు. ధర్మకీర్తి వింటే తలాడించేవాడు.

మళ్లీమళ్లీ చూడటం చాలకపోతే ఇంకేం చూడాలి? నైయాయికుల జవాబు, ఉపాధిని వెతకమని. పొగ ఉంటే నిప్పు ఉంటుంది గానీ నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు. కాల్చిన ఇనుపగుండులో పొగ లేదు. పొగకు నిప్పుతోపాటు తడికట్టె కావాలి. ఆ తడికట్టె ఉపాధి, పైకి కనిపించే జంట వెనక దాగిన షరతు. ఇప్పుడు బస్సు పట్టికను మళ్లీ తెరవాలి. ఆ విద్యార్థిని పక్క గడిలో వాన పడ్డ రోజులనూ గుర్తు పెట్టుకుందనుకుందాం. 30 రోజుల్లో 8 రోజులు వాన. వాటిలో ఒక్కరోజే బస్సు వేళకు వచ్చింది. వాన లేని 22 రోజుల్లో 20 రోజులు వేళకు వచ్చింది. ఒక భిన్నం 1/8, అంటే 0.125; మరొకటి 20/22, అంటే సుమారు 0.91. మొదట కట్టిన 0.7 తప్పు లెక్క కాదు, అయినా ఏ ఒక్కరోజుకూ సరిపోయేది కాదు. వానాకాలం పోయాక దాన్ని పట్టుకుని కూర్చుంటే మోసపోవడమే. వాన ఉపాధి అని కనిపెట్టినంత మాత్రాన వెతకడం అయిపోలేదు: వాగు పొంగడం, సంతరోజు రద్దీ, డ్రైవరు మారడం, ఇలా ఏదైనా ఉండవచ్చు. అన్ని ఉపాధులనూ తోసేశామని ఎప్పటికి అనగలం?

10వ శతాబ్దపు నైయాయికుడు ఉదయనుడు, న్యాయకుసుమాంజలిలో, సందేహానికి హద్దు ఆచరణే అన్నాడు. తను చేసే పనికే ఎదురుతిరిగే సందేహాన్ని మనిషి నిజంగా పెట్టుకోలేడు. 14వ శతాబ్దంలో మరో నైయాయికుడు గంగేశుడు దీన్నే ఇంకా తేట చేశాడు: పొగ కావలసినవాడు నిప్పునే తెచ్చుకుంటాడు, ఆకలి తీరాలనుకునేవాడు అన్నమే తింటాడు, వాటి సంబంధం మీద అతనికి సందేహం ఉందంటే నమ్మనక్కర్లేదు. అయితే మధ్యలో 12వ శతాబ్దపు అద్వైతి శ్రీహర్షుడు ఉదయనుడి మాటలనే తిప్పి, ఆచరణ సందేహాన్ని పక్కన పెట్టిస్తుందే తప్ప తీర్చదని ఎత్తిపొడిచాడు. తూచి చూస్తే శ్రీహర్షుడి మాటే గట్టిది. ఆచరణ వల్ల దొరికేది బతకడానికి సరిపడే నమ్మకం, రుజువు కాదు.

యూరపులో రుజువు దొరికిందని కొంతకాలం అనుకున్నారు. గణితవేత్త యాకోబ్ బెర్నూలీ గ్రంథం ఆయన చనిపోయిన ఎనిమిదేళ్లకు, 1713లో అచ్చయింది. యత్నాలు పెరిగేకొద్దీ ప్రాయోగిక నిష్పత్తి అసలు నిష్పత్తికి దగ్గరగా ఉండటం దాదాపు ఖాయమని అందులో నిరూపించాడు. 3:2 పాళ్లలో తెల్ల, నల్ల రాళ్లున్న పాత్రను ఉదాహరణగా తీసుకుని, తనకు తృప్తి కలిగే ఖాయానికి 25,550 యత్నాలు కావాలన్నాడు. రోజుకొకటి చొప్పున చూస్తే దాదాపు 70 ఏళ్లు. బస్సు పట్టిక ముప్పై రోజులదని గుర్తుంచుకోవాలి. రెండో ప్రపంచయుద్ధంలో డెన్మార్కులో నిర్బంధ శిబిరంలో చిక్కుకున్న గణితవేత్త కెరిచ్ ఒక నాణేన్ని 10,000 సార్లు ఎగరవేశాడు. 5,067 సార్లు బొమ్మ పడింది. సిద్ధాంతానికి ఇంతకంటే చక్కని సాక్ష్యం అడగనక్కర్లేదు. కానీ పాత్రలో రాళ్లు మారవన్నది, నాణెం అరగదన్నది ముందే ఒప్పుకున్న సంగతులు. బెర్నూలీ బతికుండగానే జర్మన్ తత్త్వవేత్త లైబ్నిజ్ ఉత్తరాల్లో ఇదే ఎత్తి చూపాడు: కొత్త రోగాలు పుడుతూనే ఉంటాయి, ఇప్పటిదాకా పోయినవాళ్లను ఎంతమందిని లెక్కపెట్టినా ప్రకృతి రేపు ఆ హద్దులో ఉండాలని లేదు.

మరోవైపు ఇలాంటి లెక్కలోనే దేవుణ్ణి చూసినవాళ్లూ ఉన్నారు. ఇంగ్లండు రాణి వైద్యుడు జాన్ ఆర్బత్‌నాట్ 1710లో లండన్ బాప్టిజం చిట్టాలు ముందేసుకున్నాడు. 1629 నుంచి 82 ఏళ్లు, ఏ ఒక్క ఏడూ తప్పకుండా, మగపిల్లలే ఎక్కువ. ఇది బొమ్మ-బొరుసు లాంటి యాదృచ్ఛికమైతే వరసగా 82 సార్లు ఒకే వైపు పడటం 25 అంకెల సంఖ్యలో ఒక వంతు. కాబట్టి ఇది దైవసంకల్పం. బయట ప్రమాదాల్లో మగవాళ్లు ఎక్కువగా పోతారు గనుక దేవుడు ముందే సర్దిపెట్టాడని ఆయన వాదన. యాకోబ్ తమ్ముడి కొడుకు నికొలాస్ బెర్నూలీ ఒప్పుకోలేదు. 18 ముఖాలు మగ, 17 ముఖాలు ఆడ ఉన్న 35 ముఖాల పాచిక అనుకుంటే అంతా మామూలే, వింతేమీ లేదన్నాడు. ఆ పాచికను అలా చెక్కిందెవరన్నది గణితవేత్త అబ్రహాం ద్ మావ్ర్ ఎదురుప్రశ్న.

ముగ్గురి చేతిలోనూ ఒకే పట్టిక ఉంది. సగం-సగం కాదని మాత్రమే అది చెప్పగలిగింది. ఎందుకు కాదో చెప్పలేదు. ఆర్బత్‌నాట్ సంకల్పాన్ని అంకెల్లోంచి తీయలేదు, అంకెల దగ్గరకు తెచ్చుకున్నాడు. నికొలాస్ యాదృచ్ఛికతనూ అలాగే తెచ్చుకున్నాడు. పైగా ఆ నిష్పత్తి మారనిదేమీ కాదు. స్కానింగు వచ్చాక భారతదేశంలో చాలాచోట్ల మనుషులే దాన్ని వంచారు. గర్భంలో లింగనిర్ధారణను నిషేధిస్తూ 1994లో చట్టం తేవలసి వచ్చింది. దైవనిర్ణయమని ఒకరు చదివిన అంకెలో ఇంకొక శతాబ్దపు నేరం చోటు చేసుకోగలిగింది.

చివరికి మిగిలేది రేపటి ఒక్క బస్సు. ఒంటరి ఘటనకు సంభావ్యత అనడంలో అర్థమే లేదు, దీర్ఘమైన వరసలకే ఆ మాట చెల్లుతుందని గణితవేత్త రిచర్డ్ ఫాన్ మీసెస్ 1928లో వాదించాడు. రేపటి రోజును వానరోజుల్లో వేయాలా, సోమవారాల్లో వేయాలా, మొత్తం రోజుల్లో వేయాలా అన్న చిక్కును అంతకుముందే, 1866లో, ఇంగ్లండు తర్కవేత్త జాన్ వెన్ గుర్తించాడు. ఇటలీ గణితవేత్త బ్రూనో ద్ ఫినెట్టి, సంభావ్యత బస్సులోనూ లేదు, రోడ్డులోనూ లేదు, ఎదురుచూసేవాడి నమ్మకపు కొలత మాత్రమేనన్నాడు. 0.91 అన్న జవాబు మీసెస్ దృష్టిలో రాబోయే వందలాది వాన లేని రోజుల గురించి, ద్ ఫినెట్టి దృష్టిలో విద్యార్థిని ఎంత ధీమాగా ఇంటి నుంచి బయలుదేరవచ్చో దాని గురించి. ఈ రెంటిలో ఏదీ, బస్సు తప్పిపోయిన రోజున ‘నాకే ఎందుకిలా’ అనే ప్రశ్నకు జవాబు కాదు. కర్మసిద్ధాంతం జవాబివ్వబోయేది ఆ ప్రశ్నకే, అదీ లెక్కతో కాదు. బడిలో చూసిన రోజుల భిన్నం, దీర్ఘమైన వరస, నమ్మకపు కొలత, ఈ మూడూ ఒకే అంకె కింద కలిసిపోతాయి. యత్నాలు పెరిగితే ప్రాయోగిక సంభావ్యత మారవచ్చని మాత్రం పిల్లలకు అక్కడే చెబుతారు. వజ్రం గురించి అన్నంభట్టు హెచ్చరికలో ఆ వయసుకు అందే భాగం అంతే.